ముప్పై అంగుళాలు

మా ఉత్తరం గోడకి పాచి పట్టింది.
పట్టిందనడం కూడా తప్పే.
కుట్టినట్టుంది, దగ్గర దగ్గర కుట్టు,
పిట్టగోడ అంచు నుంచి పునాది రాయి దాకా
ఎక్కడా దారం తెగకుండా.

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
మా ఇంటికీ సామ్రాజ్యం గారి ఇంటికీ మధ్య సందు
ముప్పై అంగుళాలు.
టేపు పెట్టి నేనే కొలిచాను, సర్వేయరు రాకముందే.
ఆయన వచ్చి, గొలుసు లాగి, కాఫీ తాగి,
చెరి పదిహేను అన్నాడు.
కాగితాలు మోసిన మా ఆయనా వాళ్ళాయనా
శంకర్‌విలాస్ సెంటర్లో ఒకే బల్ల మీద టీ తాగేవాళ్ళు.
పదకొండేళ్ళు ఆ సందులో కాలు పెట్టనిది
ఇటు నేను, అటు ఆమె.

మనుషులు మానేసిన దారిలో తడి నడిచింది.
ఆమె ఏసీ గొట్టం చుక్క, మా ట్యాంకు పొర్లు,
కింద పడ్డాక ఏది ఎవరిదో.
ఎండాకాలం నల్లగా ఎండి చచ్చినట్టు పడుంటుంది.
మిర్చి ఘాటుకి ఊరంతా తుమ్మే రోజుల్లో
అదొక్కటే తుమ్మదు.
తొలకరి పడ్డ మూడో నాటికి లేచి కూర్చుంటుంది.
తాకి చూశాను ఒకసారి, కిటికీ ఊచల్లోంచి:
వెల్వెట్టు.
పట్నంబజారులో మీటరు మూడొందలకి తక్కువ ఇవ్వరు.

ఈ యేడు లోపలికొచ్చింది.
మిషను వెనక గోడ ఉబ్బి సున్నం పొరలు రాలి,
ఎవరో ఇచ్చిన పెళ్ళి జాకెట్టు లైనింగుకి
ముక్కిపోయిన వాసన.

పెయింటరు నాగుల్ మీరా వచ్చి గోటితో గీకాడు.
"రంగేస్తే ఆర్నెల్లు దాక్కుంటదమ్మా, అంతే.
పాచిదేం తప్పు? నీళ్ళుంటే వచ్చుద్ది.
బ్లీచింగు కొట్టాల, వైరు బ్రష్షుతో రుద్దాల,
బాగా ఆరనియ్యాల. ముందా గొట్టం తిప్పాల."
కాసేపు ఆగి,
"నిచ్చెన ఆనించేది మాత్రం ఆళ్ళ గోడకే."

ఆ మాట అడగడానికి నాలుగు రోజులు తయారయ్యాను.
ఆఖరికి అడగలేదు, మీరాని పంపాను.
ఆమె ఏమందో అతను చెప్పలేదు.
నిచ్చెన మాత్రం వేశాడు.

మర్నాడు పొద్దున్నే ముక్కుకి కొంగు చుట్టుకుని
బకెట్టుతో సందులోకి దిగాను.
అటు చివర ఇంకో బకెట్టు చప్పుడు.

ముప్పై అంగుళాల్లో ఇద్దరు ఆడవాళ్ళు
ఎదురెదురుగా పట్టరు.
వీపులు ఆనించి, ఎవరి గోడ వాళ్ళం రుద్దుకున్నాం.
బ్లీచింగుకి కళ్ళు మండి కారాయి.
అదొక్కటే కారణం, రాసిపెట్టుకోండి.
పచ్చటి నీళ్ళు ఆమె మడమల నుంచి నా మడమలకి
చెరి పదిహేనూ చూసుకోకుండా పారాయి.

నా పాత కొలతల పుస్తకంలో ఆమె పేజీ ఉంది.
చాతీ నలభై, భుజం పదిహేను, చెయ్యి తొమ్మిది.
"చంక దగ్గర వదులు" అని పక్కన నా రాత.
వీపు తగిలినప్పుడు తెలిసింది,
ముప్పై ఆరు కూడా ఉండదు.
ఎప్పుడు తగ్గింది ఇంత?
ఎవరు కుడుతున్నారు ఈమెకి?
భుజం జారిపోతుంటే చూసుకోడా ఆ టైలరు?

అడగలేదు.
"జారుద్ది, చూసుకో" అందామె,
నాతోనో, బకెట్టుతోనో.

మధ్యాహ్నానికి గోడ బయటపడింది,
నేను మర్చిపోయిన లేత నీలం.
గొట్టానికి ఎల్బో వేసి కాలవ వైపు తిప్పారు, వాళ్ళ ఖర్చే.
మా ట్యాంకుకి నేను బాల్ వాల్వు వేయించాను.
మాటలా? లేవు.
సాయంత్రం రెండు బకెట్లూ సందు మొదట్లో
బోర్లించి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి.
నాది ఎర్రది. ఆమెదీ ఎర్రదే.

పైన, సన్‌షేడ్ కింద,
అరచేతంత పచ్చ మిగిలింది.
"అది కూడా తీసెయ్యనా?" అన్నాడు మీరా, నిచ్చెన దించబోతూ.
అందదులే అన్నాను.

అందుతుంది.